నొక్కితే క్రోమ్ తెరుచుకోవడం లేదు, ఫార్మాట్ కొట్టించాలా?

మాస్టారూ, ఫార్మాట్ మాట కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: నరసన్నపేటలో టీచరుగా చేస్తున్నారు, విండోస్ 11 ల్యాప్‌టాప్, క్రోమ్ బొమ్మ మీద నొక్కితే నీలం చక్రం ఒకసారి తిరిగి ఆగిపోతోంది, ఎర్రర్ అంటూ ఏమీ రావడం లేదు, తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అదే వరస, షాపాయన చూసి విండోస్ మొత్తం కొత్తగా వేయాల్సిందే అన్నాడు. నేను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నెట్ సెంటర్ నడుపుతాను. ఇలాంటి ల్యాప్‌టాప్‌లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, వానాకాలంలో అయితే ఇంకాస్త ఎక్కువ. ఎందుకో కింద చెప్తాను.

స్కూలు పని అర్జెంటుగా అప్‌లోడ్ చేయాల్సింది ఏమైనా ఉంటే దానికోసం క్రోమ్ బాగుపడేదాకా కూర్చోకండి. విండోస్‌తో పాటే ఎడ్జ్ అనే బ్రౌజర్ వస్తుంది కదా, అందులో చేసేయండి. క్రోమ్, ఎడ్జ్ రెండిటికీ పునాది క్రోమియం అనే ఒకే ప్రోగ్రామ్ కోడ్ కాబట్టి ఒకదాంట్లో తెరుచుకున్న సైటు రెండోదాంట్లోనూ దాదాపు తెరుచుకుంటుంది. పైగా దీంతో ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. ఎడ్జ్ బాగా తెరుచుకుంటే గొడవ క్రోమ్ వరకే. అదీ తెరుచుకోకపోతే గొడవ విండోస్‌లోనో యాంటీవైరస్‌లోనో ఉంది, అప్పుడు క్రోమ్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా లాభం లేదు.

తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేశానండీ, అదీ ఇదీ ఒకటే కదా అంటారు చాలామంది. ఒకటి కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు లోపలి సిస్టమ్ భాగాన్ని పూర్తిగా దించకుండా డిస్క్‌లో దాచి పెట్టి మళ్ళీ దాన్నే లేపుతుంది. పాత చిక్కు అలాగే వచ్చి కూర్చుంటుంది. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ అని నొక్కితేనే అంతా దిగి మళ్ళీ మొదటినుంచి ఎక్కుతుంది.

రీస్టార్ట్‌కి లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. మీరు క్రోమ్ నొక్కిన ప్రతిసారీ అది లోపల లేస్తోంది కానీ కిటికీ చూపించకుండా ఉండిపోతోంది అనుకుంటున్నాను, ఎర్రర్ రాకపోవడానికి ఎక్కువగా కారణం అదే. జాబితాలో గూగుల్ క్రోమ్ పేరుతో ఎన్ని కనిపిస్తే అన్నిటి మీదా రైట్ క్లిక్ చేసి ఎండ్ టాస్క్ కొట్టండి. ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలిందంటే కొత్తగా నొక్కిన క్రోమ్ వెళ్ళి ఆ బిగుసుకుపోయిన దానికే పని అప్పజెప్పి తప్పుకుంటుంది, మీకేమో బయట ఏమీ కనబడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తీసి మళ్ళీ వేసినా ఎందుకు బాగవలేదు అంటే, క్రోమ్ ప్రోగ్రామ్ ఒక చోట ఉంటుంది, మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ, ఎక్స్‌టెన్షన్లు ఉండే ఫోల్డర్ ఇంకో చోట ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తీసేయమంటారా అని చిన్న గడి ఒకటి వస్తుంది, దానికి టిక్ పెట్టకపోతే ఆ రెండో ఫోల్డర్ జోలికి పోదు. మీరు టిక్ పెట్టి ఉండరు, పెట్టకపోవడమే మంచిదైంది. కానీ పాడైంది ఆ ఫోల్డరే అయితే కొత్త క్రోమ్ వచ్చి మళ్ళీ ఆ పాడైనదాన్నే తెరవబోతుంది, అక్కడే చతికిలబడుతుంది.

రాజాంలో మా బావకి ఎరువుల కొట్టు ఉంది. ఆయన ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఛార్జర్ తగిలించి ఉంటేనే బతుకుతుంది. కొట్లో ఇన్వర్టర్ ఉంది గానీ అది ఫ్యానుకీ లైటుకీ మాత్రమే. సాయంత్రం గాలీ వానా వచ్చి కరెంటు పోతే లైటు వెలుగుతూనే ఉంటుంది, ల్యాప్‌టాప్ మాత్రం టప్పున ఆరిపోతుంది. క్రోమ్ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఫోల్డర్‌లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది కాబట్టి, రాస్తూ ఉండగా కరెంటు తెగితే ఫైలు సగంలో ఆగిపోతుంది. అలా ఒకసారి ఆరిపోయాక మర్నాడు క్రోమ్ పలకలేదు. "ఏటోరా, ఎంత నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు" అని ఫోన్ చేశాడు. మీదీ ఛార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్ అయితే నాకు ఇక పెద్ద అనుమానం కూడా లేదు. వానాకాలం కేసులన్నీ దాదాపు ఇవే.

ఆయనకి చేసిందే మీరూ చేయండి. ముందు టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ ఏదీ లేకుండా చూసుకోండి. తర్వాత కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న మీట, ఆర్ కలిపి నొక్కితే రన్ అని చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్‌లో పర్సంట్ గుర్తు, లోకల్ యాప్ డేటా అని ఖాళీలు లేకుండా, మళ్ళీ పర్సంట్ గుర్తు కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న చోట గూగుల్, దాని లోపల క్రోమ్, దాని లోపల యూజర్ డేటా అని ఉంటుంది. అక్కడ డిఫాల్ట్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని డిలీట్ చేయొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. రైట్ క్లిక్ చేసి రీనేమ్ కొట్టి, పేరు చివర ఓల్డ్ అని తగిలించండి చాలు. ఫోల్డర్ వాడకంలో ఉంది, పేరు మార్చడం కుదరదు అని మెసేజ్ వస్తే క్రోమ్ ఇంకా లోపల ఎక్కడో బతికే ఉందని అర్థం, మళ్ళీ టాస్క్ మేనేజర్‌కి వెళ్ళండి.

ఇప్పుడు క్రోమ్ నొక్కండి. పాత డిఫాల్ట్ దొరకదు కాబట్టి కొత్తది తనే తయారు చేసుకుంటుంది. బావ దగ్గర అలాగే తెరుచుకుంది, కాకపోతే కొత్త ఫోన్‌లా అంతా ఖాళీ. తెరుచుకుందన్న సంతోషం కూడా లేకుండా "నా జీఎస్టీ పేజీలన్నీ ఏవిరా?" అని తగులుకున్నాడు. ఆయన గూగుల్ అకౌంట్‌తో సింక్ పెట్టుకోలేదు. మీకు సింక్ ఉంటే సైన్ ఇన్ అవ్వగానే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు వాటంతట అవే దిగుతాయి, టెన్షన్ అక్కర్లేదు. లేకపోతే క్రోమ్ మూసేసి, ఓల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్ళి బుక్‌మార్క్స్ అనే ఒక్క ఫైలు కాపీ చేసి, కొత్త డిఫాల్ట్‌లో పెట్టండి. దాని సైజు సున్నా కేబీ అని చూపిస్తే అదీ కరెంటు దెబ్బకి పోయినట్టే, పక్కనే అదే పేరుకి డాట్ బ్యాక్ (.bak) తోక ఉన్న ఫైలు ఉంటుంది, దాన్ని తెచ్చి తోక తీసేసి వాడుకోవచ్చు. బావకి అలాగే పేజీలన్నీ వచ్చేశాయి. ఆ ఓల్డ్ ఫోల్డర్‌లో మిగతావన్నీ ఆత్రంగా తెచ్చి పోయకండి, పాడైన ఫైలు కూడా వాటితో పాటే వచ్చేస్తుంది. పాస్‌వర్డ్‌లు అందులోనే ఉన్నాయి కాబట్టి కొన్నాళ్ళు ఆ ఫోల్డర్ అలా పడి ఉండనివ్వండి.

డిఫాల్ట్ పేరు మార్చినా తెరుచుకోకపోతే ఒక మెట్టు పైకి వచ్చి యూజర్ డేటా ఫోల్డర్ పేరే మార్చి చూడండి. అప్పటికీ లేవకపోతే ప్రొఫైల్, అంటే మీ డేటా ఉండే ఆ ఫోల్డర్, తప్పు కాదన్నమాట, వేరే చోట వెతకాలి.

ఆ వేరే చోట్లు చాలానే ఉన్నాయి గానీ గబగబా చెప్తాను. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉందేమో చూడండి, ఖాళీ లేకపోతే క్రోమ్ ఒక్కటే కాదు, ఏదీ సరిగ్గా నడవదు. కొన్నప్పుడు ఫ్రీగా వేసిచ్చిన యాంటీవైరస్ గడువు దాటిపోయి ఇంకా అలాగే ఉంటే తీసేయండి, విండోస్‌లో డిఫెండర్ అని దాని సొంత యాంటీవైరస్ ఎలాగూ ఉంది. క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనే ట్యాబ్‌లో పాత విండోస్ పేరు దేనికైనా టిక్ ఉంటే తీసేయండి. తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం ఉంటే అదే ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చివర ఒక ఖాళీ వదిలి, రెండు గీతలు, డిజేబుల్, ఒక గీత, జీపీయూ అని ఇంగ్లిష్‌లో కలిపి రాసి చూడండి, దాంతో తెరుచుకుంటే డ్రైవర్ అప్‌డేట్ చేయాలి.

ఇంట్లో పిల్లల కోసం మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ పెట్టి ఉంటే అదీ చూడండి. 2025 జూన్‌లో దాని వల్లే కొందరికి క్రోమ్ ఇలా తెరుచుకుని మూసుకుపోయింది, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకుంది. అనుచితమైన సైట్లను ఆపే ఫిల్టర్ ఆఫ్ చేస్తే అప్పటికి పని జరిగింది. ఇది చదివే వేరేవాళ్ళ కోసం ఇంకోటి: మీది విండోస్ 7 లేదా 8 అయితే క్రోమ్ 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే, కాబట్టి కొత్త ఇన్‌స్టాలర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

క్రోమ్ మళ్ళీ దించాల్సి వస్తే వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి, గూగుల్ సొంత సైటులోనే దించండి.

ఇవన్నీ అయ్యాక కూడా మొండికేస్తే స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ తెరిచి, మీరు క్రోమ్ నొక్కిన టైముకి ఎర్ర గుర్తుతో ఏమైనా పడిందేమో చూడండి. పడితే అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ అని ఒక లైను ఉంటుంది. ఆ లైనూ, సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో, ఎడ్జ్ తెరుచుకుందో లేదో కింద రాయండి. రాత్రి కొట్టు మూశాక చూసి చెప్తాను.