ఆరో గేరు పడని కారు

చిరంజీవి వంశీకి,

మామయ్య ఆశీస్సులు. గ్రాన్ టురిస్మో కార్ల రేసు ఆటలో సుజుకా ట్రాక్ మీద తిప్పి నువ్వు పంపిన లాప్ వీడియో నాలుగుసార్లు చూశాను. గేర్‌బాక్స్ మార్చాక టాప్ స్పీడు గంటకు 316 కిలోమీటర్లు చూపిస్తోందని సంబరంగా రాశావు. సెట్టింగ్ తెర మీద చూపిస్తోంది నిజమే. లాప్ మొత్తంలో మాత్రం నీ కారు 235 దాటలేదు, ఆరో గేరు ఒక్కసారి కూడా పడలేదు. ఆరు గేర్ల బండిని ఐదు గేర్లతో తిప్పుతూ, లాప్ టైము ఎందుకు తగ్గడం లేదని నన్ను అడుగుతున్నావు.

ఆటోనగర్‌లో నేను గేర్‌బాక్సులు విప్పే రోజుల్లో ఒక లారీ యజమాని వచ్చి, హైవే మీద స్పీడు చాలడం లేదని గేర్‌బాక్స్ తిప్పుడును చక్రాలకు అందించే పళ్ల చక్రాల జత, అంటే క్రౌన్ పినియన్, మార్పించుకున్నాడు. వద్దన్నా వినలేదు. చదును రోడ్డు మీద బాగానే పరుగెత్తింది. లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేసరికి ఒకటో గేరులో మూలుగుతూ పాకింది. నెల తిరక్కుండా పాత పినియన్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. గ్రాన్ టురిస్మోలో నువ్వు చేసింది సరిగ్గా అదే. కాకపోతే నీకు కూలి ఖర్చు లేదు.

ఆటలో ఫైనల్ గేర్ అని రాసి ఉండేదే మా క్రౌన్ పినియన్. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 పళ్లు ఉంటే 4.1. ఆ అంకె పెరిగితే పికప్ పెరుగుతుంది, టాప్ స్పీడు తగ్గుతుంది. నువ్వు దాన్ని 3.2కు దించావు. ఇప్పుడు హెయిర్‌పిన్ దగ్గర, అదే యూ ఆకారపు మలుపులో, ఏమవుతోందో చూడు. రెండో గేరు రేషియో 2.30, అంటే గేర్‌బాక్స్ నుంచి ఒక చుట్టు బయటికి రావాలంటే ఇంజిన్ 2.30 చుట్లు తిరగాలి. వేగం 70. టైరు ఒక చుట్టుకు 2 మీటర్లు దొర్లుతుందనుకుంటే ఇంజిన్ 4,300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉంటుంది. నీ ఇంజిన్‌కు 6,000 దాటితే గానీ ఊపు రాదు. మలుపు తిరిగి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినా కారు నిద్ర లేవనట్టు ఉండడానికి కారణం అదే. ఫైనల్ 4.1 పెడితే అదే మలుపులో అదే గేరులో 5,500 దగ్గర ఉంటావు.

కాబట్టి ముందు ఫైనల్ సరిచేసుకో. సుజుకాలో స్పూన్ మలుపు దాటాక 130ఆర్ అనే మలుపు వరకు సాగే స్ట్రెయిట్ చివర ఆరో గేరులో ఆర్‌పీఎం ముల్లు ఎర్ర గీతకు, అంటే ఇంజిన్ తిరగగల హద్దుకు, కాస్త కింద ఉండాలి. ఆ కాస్త ఎందుకంటే, ముందు కారు గాలి చాటున వెళ్తే నీ వేగం ఇంకొంచెం పెరుగుతుంది. అప్పుడు ఇంజిన్ గీతకు కొట్టుకుని ఆగిపోకూడదు. ఆరో గేరు 0.95, ఫైనల్ 4.1 అయితే 8,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 246 వస్తుంది. సుజుకాకు నీ కారుకు అది చాలు. 316 అంకె పోయిందని బెంగ పెట్టుకోకు.

ఇక అసలు రోగం రెండుకూ మూడుకూ మధ్య ఉంది. రెండు 2.30, మూడు 1.50 పెట్టావు. 8,000 దగ్గర గేరు మార్చగానే ముల్లు ఎక్కడ పడుతుందో లెక్క వేయి. 8,000ను 1.50తో గుణించి 2.30తో భాగిస్తే 5,200. నీ వీడియోలో సరిగ్గా అక్కడే ఇంజిన్ గొంతు పడిపోయింది, చెవి పెట్టి విను. మూడును 1.75 చేయి, 6,090 దగ్గర పడుతుంది. తర్వాత నాలుగు 1.38, ఐదు 1.13, ఆరు 0.95. గేరు మార్చిన ప్రతిసారీ ముల్లు వరసగా 6,310, 6,550, 6,730 దగ్గర ఆగుతుంది. పైకి వెళ్లేకొద్దీ గేర్లు దగ్గరపడ్డాయి చూశావా? వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు విపరీతంగా పెరుగుతుంది. అక్కడ ఇంజిన్‌ను ఊపు ఉన్న చోటు నుంచి దిగనివ్వకూడదు.

ఒకటో గేరు గురించి ఎక్కువ ఆలోచించకు. కదులుతూ మొదలయ్యే రేసుల్లో దానికి పెద్దగా పని ఉండదు. ఆగిన చోటు నుంచి బయలుదేరే రేసైతే చక్రాలు ఊరికే తిరగకుండా అంకె కొంచెం తగ్గించు. ఇంకో మాట, టాప్ స్పీడును బట్టి గేర్లన్నీ ఆటే సర్దేసే ఆటోసెట్‌ను ముట్టుకుంటే విడివిడిగా పెట్టుకున్న గేర్లన్నీ మారిపోతాయి. దాన్ని ముందే ముట్టుకోవాలి, లేదా అసలు ముట్టుకోకూడదు. గంటసేపు కూర్చుని పెట్టుకున్న అంకెలు ఒక్క నొక్కుతో పోగొట్టుకున్నవాణ్ని చెబుతున్నాను.

ఇదే సెట్టింగ్‌తో మోంజా ట్రాక్‌కు వెళ్లకు, అక్కడి పొడవాటి స్ట్రెయిట్లకు ఫైనల్ తగ్గించాలి. రెండు కిలోమీటర్ల చిన్న ట్రాక్ సుకుబాకు వెళ్తే పెంచాలి. ఫార్ములా వన్ వాళ్లకు 2014 నుంచి ఆ వెసులుబాటు లేదు. సీజన్ ముందే ఎనిమిది గేర్ల రేషియోలు ఖాయం చేసుకుని, మొనాకోకూ మోంజాకూ అవే పట్టుకెళ్లాలి.

ఆదివారం కొత్త వీడియో పంపు. ఈసారి కారు అందం చూపించే వెనక కెమెరా వద్దు, ఆర్‌పీఎం ముల్లు స్పష్టంగా కనబడాలి. మీ అమ్మను అడిగానని చెప్పు. పరీక్ష మార్కుల సంగతి మాత్రం నువ్వే చెప్పుకో, నన్ను మధ్యలోకి లాగకు.

మీ మామయ్య