అటకెక్కించిన గిటారు, మేనేజ్‌మెంట్ సీటు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. మావాడు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఈఏపీసెట్‌లో (అదే, పాత ఎంసెట్) ర్యాంకు లక్ష దాటింది. భీమవరం వైపు ఒక కాలేజీలో సీఎస్ఈ ఏఐ మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాను. హాస్టలుతో కలిపి నాలుగేళ్ళకి పది లక్షల పైమాటే. వాడేమో ఎలక్ట్రిక్ గిటార్లు విప్పుకుంటూ కూర్చుంటాడు. రిపేర్లు నేర్చుకుంటా, సొంతంగా తయారుచేసి అమ్ముతా అంటాడు. మొన్న చర్చిలో గిటారు గుర్రుమంటుంటే విప్పి, లోపల రాగిరేకు ఏదో అంటించి ఇచ్చాడు. పాస్టరుగారు ఐదొందలు చేతిలో పెట్టారు. అప్పట్నుంచి మరీ ఎక్కువైంది. అంతకుముందే పరీక్షలప్పుడు కోపమొచ్చి వాడి గిటారు అటకెక్కించేశాను. బీటెక్ మంచిదా, ఈ పని మంచిదా, రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. మీరు అడిగింది బీటెక్కా, గిటారా అని. అడగకుండా వదిలేసింది ఇంకొకటుంది: పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడు" అంటే ఏం చెప్పుకోవాలి? ఏటా వేసవి దాటగానే ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఒకసారి గిటారు స్థానంలో కెమెరా ఉంటుంది, ఇంకోసారి వంట, ఇంకోసారి కోళ్ళఫారం. మీరు మొదటిసారి వరిచేను చెరువు చేస్తానన్నప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమన్నారో గుర్తుందా? బంగారంలాంటి చేలో ఉప్పునీళ్ళేమిట్రా అని ఉంటారు. ఆ మాటే ఇప్పుడు మీరు మీవాడితో అంటున్నారు.

గిటారంటే పరాయి వ్యవహారమని కూడా అనుకోకండి. మీకు పాలకొల్లు ఎంత దూరం? మాండలిన్ శ్రీనివాస్ 1969లో అక్కడే పుట్టారు. మామూలు మాండలిన్ తీగ మీటిన కాసేపటికే నాదం ఆగిపోతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, కుదరాలంటే నాదం నిలవాలి. ఆయన కరెంటు మాండలిన్ పట్టుకుని, జంట తీగల బదులు ఐదు ఒంటితీగలు కట్టి కర్ణాటక సంగీతం వాయించారు. ఆ వాద్యం కడుపులో ఉండేదీ మీవాడు విప్పుకుని కూర్చునే సరంజామాయే.

ఇక పాస్టరుగారి గిటారు. ఐదొందల సంగతలా ఉంచండి, నా కన్ను ఆ రాగిరేకు మీద పడింది. తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఉక్కుతీగ ఊగితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, దాన్నే యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. చిక్కేమిటంటే, ఆ చుట్ట ఏరియల్ లాగా చుట్టుపక్కల ట్యూబులైట్ల, మోటార్ల రొదనీ లాగేసుకుంటుంది. గిటారు పొట్టలో రాగిరేకు పరిచి గ్రౌండు తీగకి కలిపితే ఆ రొదలో చాలా భాగం పోతుంది. కలపకుండా ఊరికే అంటిస్తే ఏమీ పోదు. మోత తగ్గిందంటే మీవాడు కలిపాడన్నమాట. యూట్యూబ్ చూసే చేసుండొచ్చు, చేతికి వచ్చిందా లేదా అన్నదే లెక్క.

వాణ్ణి ఒక ప్రశ్న అడగండి. రేకు వేశాక కూడా కాస్త హమ్మింగ్ ఎందుకు మిగులుతుంది? కరెంటు వైర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పల్చటి రాగిరేకు ఆపలేదు. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజినీరు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాని రొదని రెండోది కొట్టేసేలా పికప్ చేశాడు. దాన్నే హంబకర్ అంటారు. మీవాడు ఈ జవాబు చెప్పగలిగితే నాకు కబురు పెట్టండి. చెప్పలేకపోతే, అది తెలుసుకోవడానికే వాడు చదువుకోవాలని వాడితోనే చెప్పండి. గిటారు మానేసి చదువుకో అంటే వినని పిల్లాడు, గిటారు కోసం చదువుకో అంటే వింటాడు.

ఆ ఏఐ సీటు గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఏఐ పెద్ద విషయమే, కాదనను. నాకు అనుమానం ఆ కోర్సు పేరు మీద కాదు, దాన్ని చెప్పేవాళ్ళ మీద. నిన్నటిదాకా మామూలు కంప్యూటర్ సైన్స్ చెప్పడానికే లెక్చరర్లు దొరకలేదన్న కాలేజీలో, ఇవాళ బోర్డు మార్చగానే ఏఐ చెప్పేవాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు? మీరు సీటు మాట్లాడేటప్పుడు ఫీజు తగ్గించమని అడిగి ఉంటారు. ల్యాబ్ చూపించమని అడిగారా? మూడో ఏడు చదివే కుర్రాళ్ళతో క్యాంటీన్లో కూర్చుని మాట్లాడారా? రొయ్యపిల్ల కొనేముందు హేచరీకి స్వయంగా వెళ్ళి, పరీక్ష చేయించి తెచ్చుకునే మనిషి, పది లక్షల సీటు ఫోన్లో ఖాయం చేసేస్తారా?

నేనూ తక్కువ తినలేదు లెండి. బయోటెక్నాలజీ ఊపులో ఉన్న రోజుల్లో రేడియోలు బాగుచేసే ఇంట్లో పుట్టిన కుర్రాణ్ణి, చేతిలో పని ఉన్నవాణ్ణి, ఆ కోర్సులోకి నెట్టాను. ఇష్టం లేకుండానే డిగ్రీ పూర్తిచేశాడు. ఇప్పుడు వాళ్ళ నాన్న కొట్లోనే ఇన్వర్టర్లు బిగిస్తున్నాడు, బాగానే ఉన్నాడు. మధ్యలో పోయిన నాలుగేళ్ళు మాత్రం నా ఖాతాలోవే.

అలాగని మీవాడి కలకి నేను తాళం వేయడం లేదు. సొంత బ్రాండు గిటార్లు చేసి ఇన్‌స్టాలో అమ్ముతానంటే నాకు భయమే. బాడీ చేయడం పెద్ద కష్టం కాదు. నలభై నాలుగైదు మిల్లీమీటర్ల మందం చెక్క, బాగా ఆరినదైతే మీ ఊరి వడ్రంగి కూడా కోసిస్తాడు. పాత మండువా లోగిళ్ళు కూల్చినప్పుడు వచ్చే టేకు అయితే ఆరడానికి ఆరుతుంది గానీ బరువెక్కువ, గంటసేపు భుజాన మోస్తే తెలుస్తుంది. అసలు కష్టం నెక్ దగ్గర, అంటే తీగలు నొక్కే పొడుగాటి మెడ దగ్గర. తీగ మోగే పొడవు (స్కేలు) 648 మిల్లీమీటర్లైతే మొదటి ఫ్రెట్, అంటే నెక్ మీద అడ్డంగా కొట్టే సన్నటి లోహపు మెట్టు, పై చివరి నుంచి 36.37 దగ్గర పడాలి. 648ని 17.817తో భాగిస్తే వచ్చేది అదే. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగించుకుంటూ పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. ఎక్కడ అర మిల్లీమీటరు జారినా ఆ స్వరం పక్కకి పోతుంది. వీణకైతే మైనం మీద 24 మెట్లు నిలబెడతారు, తేడా వస్తే కరిగించి మళ్ళీ సర్దుకోవచ్చు. గిటారుకి గాడి కోసి ఫ్రెట్ కొట్టాక ఆ సౌకర్యం లేదు. నూజివీడు కాస్త దూరమే అయినా వెళ్ళిరావచ్చు. అక్కడ వీణలు చేసేవాళ్ళ దగ్గర మీవాణ్ణి ఒక వారం కూర్చోబెట్టండి. చెక్క ముందు ఓపిక ఎలా పట్టాలో అక్కడ కనబడుతుంది. మొదటి గిటారుకి నెక్ కొనుక్కుని, బాడీ, వైరింగు తను చేసుకోమనండి. మొదటి ఐదూ అమ్మకానికి కాదని ముందే ఒప్పుకోవాలి.

రిపేరు మాత్రం ఈ రోజునుంచే పని. మన డెల్టాలో ఏ ఊరు చూసినా చర్చిలో ఒక గిటారు, కీబోర్డు, మిక్సరు ఉంటాయి. చవితికి, సంక్రాంతికి, తీర్థాలకి ఆర్కెస్ట్రాలు తిరుగుతూనే ఉంటాయి. సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుంది, కేబులు గుచ్చే జాక్ వదులై మధ్యలో శబ్దం పోతుంది. వీటికి హైదరాబాద్ పంపక్కర్లేదు. గిటార్లొక్కటే అయితే రోజూ పని దొరకదు. కీబోర్డు, మైకు, కేబులు, యాంప్లిఫయర్ కూడా పట్టుకుంటేనే కొట్టు నిలబడుతుంది. ఒక్కో సెటప్‌కి, అంటే గిటారు సరిచేసి ఇచ్చినందుకు, ఆరొందలు తీసుకుంటాడనుకుందాం, నెలకి ఎన్ని వస్తే కరెంటు బిల్లు, అద్దె, వాడి ఖర్చు గడుస్తాయో లెక్క వాడి చేతే రాయించండి. మీరు రాసివ్వకండి.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పందిళ్ళలో జనరేటరు పెట్టి ఎర్తింగ్ లేకుండా లైన్లు లాగుతారు. గిటారు తీగ పట్టుకుని మైకుకి పెదవి తగిలిస్తే షాకు కొట్టేది అందుకే. వాల్వుల యాంప్లిఫయర్లైతే ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలుంటాయి. ఎవరి దగ్గరైనా కూర్చుని నేర్చుకునేదాకా వాటి మూత తీయొద్దని మాట తీసుకోండి. గిటారు మానెయ్యమని తీసుకునే మాట కంటే ఈ మాట మీకూ వాడికీ పనికొస్తుంది.

పోల్చి చెప్పమన్నారు. ఆ ర్యాంకుకి కన్వీనర్ కోటాలో మంచి పేరున్న కాలేజీ రాదు, దగ్గర్లో ఈసీఈ వచ్చే అవకాశం ఉంది. లేదంటే ఎలక్ట్రానిక్స్ ఉన్న బీఎస్సీ. వీటిలో ఏది వచ్చినా చేర్చండి. ఆ సర్క్యూట్లూ, ఆ ల్యాబ్ ఈ పనికి నేరుగా పనికొస్తాయి, రేపు మనసు మారినా దారి మూసుకుపోదు. సెలవుల్లో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో వాద్యాలు బాగుచేసే కొట్లో జీతం అడక్కుండా కూర్చోనివ్వండి. చెన్నై దగ్గర యమహా వాళ్ళ ఫ్యాక్టరీలో కీబోర్డులు, అకౌస్టిక్ గిటార్లు తయారవుతాయి, చదువూ చేతిపనీ రెండూ ఉంటే అలాంటి చోట కూడా అడగొచ్చు. పది లక్షల్లో చిన్న ముక్కతో మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, స్టీలు స్కేలు, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, ఫ్రెట్లు సానబెట్టే ఆకురాళ్ళు వస్తాయి. చేసిన ప్రతి రిపేరూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించాలి: తేదీ, జబ్బు, ఏం మార్చాడు, ఎంత తీసుకున్నాడు, తిరిగొచ్చిందా. ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. అప్పుడు పోలిక నేను చేయక్కర్లేదు.

మీరు భయపడుతున్నట్టు వాడు చెడిపోలేదు. చెడిపోయే కుర్రాడు ఇంట్లో సోల్డరు పొగలో కూర్చోడు. చర్చికి వెళ్ళి పనిచేసి, డబ్బులు తెచ్చి, ఆ సంగతి మీకు చెప్పాడు కూడా. ఈ వయసు పిల్లలు ఎంతమంది తండ్రులకి చెబుతారు?

ఇక ఆ అటక. పెంకుల కింద వేడిలో, వాన పట్టాక చెమ్మలో, తీగలు బిగించిన గిటారు ఇన్ని నెలలుందంటే నెక్ వంగి ఉండొచ్చు. ఈ ఆదివారం మీరే ఎక్కి దింపండి. మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా తీగని నొక్కి పట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడమనండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరే. మరీ ఎక్కువుంటే నెక్ లోపల వంపు సరిచేసే ట్రస్ రాడ్‌ని పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ కొలవాలి. బలవంతం చేస్తే రాడ్ విరుగుతుంది. తీగలు ఎలాగూ తుప్పు పట్టే ఉంటాయి, కొత్త సెట్టుకి డబ్బులు మీరే ఇవ్వండి. పాతవి టక్కున కోసేయబోతే వాడే ఆపుతాడు, ముందు వదులు చేయాలి నాన్నా అని. చెప్పనివ్వండి.