క్యాంపస్ అంబాసిడర్ అయితే లాయర్‌గా నిలబడతారా?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయి విశాఖపట్నంలో ఐదేళ్ల లా కోర్సు రెండో సంవత్సరం చదువుతోంది. ఆన్‌లైన్‌లో లా కోర్సులు అమ్మే ఒక కంపెనీ తనను క్యాంపస్ అంబాసిడర్‌గా తీసుకుంది. జీతం లేదు, సర్టిఫికెట్ ఇస్తారట. ఎక్కువ మందిని చేర్పిస్తే మంచి రికమెండేషన్ లెటర్ కూడా ఇస్తామంటున్నారు. నేను కూడా తన కూపన్ కోడ్‌ని మా ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాను. మా బంధువుల అబ్బాయి లింక్డిన్‌లో ఇలాంటివి నాలుగు ఉన్నాయి. మా ఇంట్లో లాయర్లు ఎవరూ లేరు. ఈ సెలవుల్లో గుంటూరులో ఒక సీనియర్ అడ్వకేట్ ఆఫీసుకు వెళ్లే అవకాశం వచ్చింది. దానికి పంపాలా, ఇదే కొనసాగించమనాలా? రెండూ పోల్చి చెప్పండి.

సలహా: మీరు అడిగింది ఒకటి, మీ భయం ఇంకొకటి. "మా ఇంట్లో లాయర్లు ఎవరూ లేరు" అని మధ్యలో ఒక ముక్క రాసి ముందుకు వెళ్లిపోయారు. లా చదివే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే దిగులు. కొందరు దాన్ని అంబాసిడర్ గురించి ప్రశ్నగా అడుగుతారు, కొందరు ఎల్‌ఎల్‌ఎం గురించి, కొందరు ఢిల్లీ కోచింగ్ గురించి. పరిచయాలు లేని ఇంటి పిల్లను కోర్టులో ఎవరు పట్టించుకుంటారన్నదే అందరి టెన్షన్.

పట్టించుకుంటారండీ. మన జిల్లా కోర్టుల్లో నల్లకోటు వేసుకున్నవాళ్లలో రైతుల పిల్లలు, టీచర్ల పిల్లలు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక రోజు వెళ్లి చూడండి. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన ఎన్.వి. రమణ గారు 1983లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యారు, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అందరూ అంతదూరం వెళ్తారని కాదు. ఇంట్లో లాయర్ ఉంటే మొదటి కొన్నేళ్లు తేలిగ్గా గడుస్తాయి, అది నిజం. ఆ తర్వాత కేసు కాగితం చదవగలిగినవాళ్లు, వాయిదా రోజున సమయానికి కోర్టులో ఉన్నవాళ్లు, క్లయింటుకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లే మిగులుతారు. ఈ మూడూ మీ అమ్మాయి నేర్చుకోగలిగినవే.

పోలిక అడిగారు కాబట్టి ముందే చెప్పేస్తాను. గుంటూరు పంపండి. లా చదువుకూ లాయర్ల వృత్తికీ నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సు విద్యార్థి మొత్తం మీద కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా నాలుగు వారాలకు మించి చేయడానికి లేదు. కాబట్టి ఒక్క సెలవు వృథా అయినా, చివరి ఏళ్లలో ఆ వారాలు పూడ్చుకోవడం కష్టమవుతుంది. అంబాసిడర్ సర్టిఫికెట్ ఈ 20 వారాల్లో ఒక్క రోజుకు కూడా లెక్కకు రాదు. రేపు జడ్జి కావాలని తనకు ఆశ ఉన్నా సరే, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఏ దారిలో వెళ్లాలన్నా కోర్టు మెట్లు ఎక్కక తప్పదు.

ఇక అంబాసిడర్ సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య పిల్లలు ఈ పదవుల వెంట పడుతున్న తీరు చూస్తే బాధగా ఉంది.

అంబాసిడర్ అంటే ఒకరి తరఫున నిలబడి మాట్లాడే మనిషి. మీ అమ్మాయి ఎవరి తరఫున మాట్లాడుతోంది? ఒక కంపెనీ కోర్సు తరఫున. ఏం మాట్లాడుతోంది? ఫలానా తేదీలోపు చేరితే ఇంత డిస్కౌంట్ అని. ఇది అమ్మకాల పని. అమ్మకాలు తప్పు కాదు, గౌరవమైన పనే, కానీ ఆ పని చేసేవాళ్లకు జీతమో కమిషనో ఇస్తారు. ఇక్కడ ఆ డబ్బు మిగుల్చుకుని ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్ పంపుతున్నారు. ఇంగ్లండ్‌లో పెద్ద లా ఫర్మ్‌లు కూడా యూనివర్సిటీల్లో అంబాసిడర్లను పెట్టుకుంటాయి కదా అని కొందరు తల్లిదండ్రులు నాతో వాదిస్తారు. పెట్టుకుంటాయి, డబ్బులిచ్చి మరీ పెట్టుకుంటాయి. చాలాసార్లు తమ దగ్గర ముందే ట్రైనింగ్ చేసినవాళ్లను, తాము ఎంపిక చేసుకున్నవాళ్లనే ఆ పనికి తీసుకుంటాయి. అక్కడ ఉద్యోగానికి దారి దొరికాక వచ్చే పనిని, ఇక్కడ ఉద్యోగానికి దారి అనుకుని పిల్లలు చేస్తున్నారు.

రికమెండేషన్ లెటర్ గురించి కూడా చెప్తాను. మీ అమ్మాయి రాసిన ఒక్క డ్రాఫ్టు కూడా చూడని మార్కెటింగ్ మేనేజర్ ఇచ్చే ఉత్తరం అది. ఒక సీనియర్ అడ్వకేట్ దాన్ని చూసి ఏం తెలుసుకుంటారు? కోర్సులు బాగా అమ్మిందని తెలుసుకుంటారు. అదే గుంటూరు సీనియర్ గారు "ఈ అమ్మాయి నాలుగు వారాలు రోజూ వచ్చింది, కేసు డేట్ల లిస్టు తప్పుల్లేకుండా తయారు చేసింది" అని రెండు వాక్యాలు రాస్తే దానికి విలువ ఉంటుంది.

ఇంకో విషయం ఉంది, దీని గురించి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యాక బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోని 36వ రూలు వర్తిస్తుంది. ప్రకటనలతో గానీ, దళారులతో గానీ, సర్క్యులర్లతో గానీ కేసులు అడుక్కోకూడదని ఆ రూలు. వెబ్‌సైట్ పెట్టుకోవచ్చు, కానీ పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు లాంటి వివరాలకే పరిమితం. లాయర్లను ఆన్‌లైన్‌లో సరుకుల్లా చూపించే పోర్టల్స్ మీద చర్యలు తీసుకోమని మద్రాసు హైకోర్టు 2024 జులైలో బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. విద్యార్థులకు ఈ రూలు వర్తించదు, కాబట్టి మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది దీనికి విరుద్ధమేమీ కాదు. నా బెంగ అలవాటు గురించి. రోజూ పోస్టులు పెట్టి, టార్గెట్లు లెక్కపెట్టుకుని, "నన్ను చూడండి" అనడానికి నాలుగేళ్లు అలవాటు పడ్డ పిల్లకు, అలా అనడమే తప్పైన వృత్తిలో అడుగుపెట్టాక చాలా ఇబ్బంది అవుతుంది.

కంపెనీ ఇచ్చిన అగ్రిమెంట్ తను చదివిందా? మీరు చదివారా? లా చదువుతున్న అమ్మాయికి దొరికిన మొదటి అసలైన కాంట్రాక్టు అది. కాంట్రాక్ట్ చట్టం 185వ సెక్షన్ ప్రకారం ఏజెన్సీ, అంటే ఒకరి తరఫున ఇంకొకరు పనిచేసే సంబంధం, ఏర్పడడానికి ప్రతిఫలం అక్కర్లేదు. అంటే జీతం లేనంత మాత్రాన ఏ బాధ్యతా లేదనుకోవడానికి వీల్లేదు. "ఈ కోర్సు వల్ల నాకు ఇంటర్న్‌షిప్ వచ్చింది" అని, రాకపోయినా పోస్టు పెట్టమంటే? తప్పుదోవ పట్టించే ప్రకటనను ఎండార్స్ చేసినవాళ్లకు కూడా 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా వచ్చాయి. క్లాస్‌మేట్ల ఫోన్ నంబర్లు అడక్కుండా ఎక్సెల్ షీట్‌లో ఎక్కించి పంపమంటే? వ్యక్తిగత సమాచారానికి సమ్మతి ఎంత ముఖ్యమో 2023 డేటా రక్షణ చట్టం చదివితే తెలుస్తుంది. భయపెట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. తను ఆ అగ్రిమెంట్ ముందు పెట్టుకుని, పెన్ను పట్టుకుని, ఒక్కో క్లాజు కింద "ఇది నాకు సమ్మతమేనా" అని రాసుకుంటే, ఈ అంబాసిడర్ వ్యవహారంలో తను నేర్చుకునే అసలైన లా అదే అవుతుంది.

మీ సంగతికి వస్తాను, ఏమీ అనుకోకండి. ఆఫీసు గ్రూపుల్లో కూపన్ కోడ్ పెట్టడం ఈ రోజే ఆపేయండి. మీ కింద పనిచేసేవాళ్లు మొహమాటానికి కొంటారు. ఆ అంకె చూసి మీ అమ్మాయి తనకేదో వచ్చేసిందనుకుంటుంది. తన టార్గెట్ మీరు పూర్తి చేస్తే తను దేనికి అంబాసిడర్ అయినట్టు? బంధువుల అబ్బాయి లింక్డిన్ చూడడం కూడా మానేయండి. ఆ నాలుగు పదవుల కింద ఆ అబ్బాయి ఏం పని చేశాడో ఒక్క వాక్యంలో చెప్పగలరా? మీకు తెలియదు. అయినా ఆ పేజీ చూపించి మీ పిల్లను తక్కువ చేసి ఉంటారు. తన పుస్తకాల షెల్ఫ్ మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? ఏ సబ్జెక్టు తనకు నచ్చుతోందో అడిగారా? ఉత్తరం మొత్తంలో ఆ మాట ఎక్కడా లేదు.

ఇంత చెప్పినా, అంబాసిడర్ పనులన్నీ పనికిరానివని నేననను. ఎవరి తరఫున నిలబడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. లా ప్రొఫెసర్ షమ్నద్ బషీర్ గారు 2010లో మొదలుపెట్టిన ఐడియా (IDIA) అనే సంస్థ తరఫున లా విద్యార్థులు స్కూళ్లకు వెళ్లి, లా చదువు అంటే ఏమిటో తెలియని పేద పిల్లలకు ఆ దారి చూపిస్తారు. కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు ఉంటాయి. ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లుగా, అంటే లాయర్లు కాకపోయినా జనానికి చట్టం గురించి చెప్పి సాయపడేవాళ్లుగా, లా విద్యార్థులను కూడా తీసుకుంటారు. ఇవీ ఒక రకంగా అంబాసిడర్ పనులే. ఇక్కడ చట్టం తరఫున నిలబడతారు.

ఆ సంస్థలు ఊళ్లలో పెట్టే న్యాయ అవగాహన సదస్సు ఒక్కటి చూస్తే తేడా తెలుస్తుంది. ఊళ్లో పంచాయతీ ఆఫీసు దగ్గర నలభై మంది కూర్చుంటారు. ఒకావిడ లేచి, "మా నాన్న ఆస్తిలో నాకు వాటా వస్తుందా, మా అన్నయ్య రాదంటున్నాడు" అని అడుగుతుంది. వస్తుందనో రాదనో ఒక్క మాటతో తేల్చలేం. ఉమ్మడి ఆస్తా, స్వార్జితమా? పంపకాలు అయ్యాయా, ఎప్పుడు? మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన 1986 సవరణే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు ఇవ్వలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. ఇదంతా తలలో పెట్టుకుని, ఆవిడకు అర్థమయ్యే తెలుగులో, లేనిపోని ఆశ పెట్టకుండా చెప్పాలి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందనీ, 15100కి ఫోన్ చేయవచ్చనీ చెప్పాలి. ఇలాంటి మధ్యాహ్నాలు కొన్ని గడిపిన పిల్లకు క్లయింటును ఎలా వినాలో తెలుస్తుంది. ఏది అడగాలో, ఎక్కడ "నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను" అనాలో తెలుస్తుంది. మీరు లేవని దిగులుపడుతున్న పరిచయాలు కూడా ఇక్కడే మొదలవుతాయి. ఆ సదస్సుకు జడ్జి గారు వస్తారు, ఉచిత న్యాయ సహాయం కేసులు చూసే ప్యానెల్ లాయర్లు వస్తారు. టేబుళ్లు సర్దిన అమ్మాయి, మైకు ముందు తడబడకుండా మాట్లాడిన అమ్మాయి వాళ్లకు గుర్తుంటుంది.

డబ్బు గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇస్తే బాగుంటుందని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే. జిల్లా కోర్టుల్లో చాలాచోట్ల అంత ఇవ్వడం లేదు. కాబట్టి చదువయ్యాక రెండు మూడేళ్లు ఇంటి నుంచి కొంత సాయం చేయడానికి ఇప్పటి నుంచే సిద్ధపడండి. ఆ కంపెనీ రేపు "అంబాసిడర్ ట్రైనింగ్ ఫీజు" అని ఏమైనా అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆ డబ్బు దాచిపెడితే తన ఎన్‌రోల్‌మెంట్ రోజుకు పనికొస్తుంది.

సెలవులకు తను ఇంటికి వచ్చాక, మీరు ఆజ్ఞలు వేయకుండా, ఈ పనులు తనతోనే చేయించండి. ముందు ఆ అగ్రిమెంట్‌లో ఎప్పుడు మానుకోవచ్చో రాసిన క్లాజు వెతకమనండి. తర్వాత "నాకు ఇంటర్న్‌షిప్ ఉంది, ఫలానా తేదీ నుంచి నేను కొనసాగలేను, నా పేరు, ఫొటో మీ పేజీల నుంచి తీసేయండి" అని కంపెనీకి నాలుగు వాక్యాల మెయిల్ పంపమనండి. ఒకవేళ కొనసాగించాలని తనకే గట్టిగా ఉంటే, టార్గెట్ లేకుండా, తను స్వయంగా చదివి బాగుందనుకున్న కోర్సు గురించి మాత్రమే మాట్లాడేలా ఒప్పందం మార్చమని అడగమనండి. వాళ్లు ఒప్పుకోకపోతే దాని అర్థం తనకే తెలుస్తుంది. నరసరావుపేట నుంచి గుంటూరుకు రోజూ బస్సులో వెళ్లి రావచ్చు. మొదటి వారం సీనియర్ గారి గుమాస్తా దగ్గర కూర్చుని వకాల్తా, కాపీ అప్లికేషన్, కాజ్ లిస్ట్ (ఆ రోజు కోర్టులో విచారణకు వచ్చే కేసుల జాబితా) చూడడం నేర్చుకోమనండి. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో మీకు తెలుగులో చెప్పమనండి. మధ్యలో ఫోన్ చూడకుండా వినండి, అర్థం కానిచోట ఆపి అడగండి.