కంటి, చెవి వార్డు నచ్చింది... అక్కడే స్థిరపడొచ్చా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ నెల కంటి, చెవి వార్డుల్లో పోస్టింగ్ పడింది. ఇంకో వారం ఉంది. ఆ పని నాకు చాలా నచ్చింది. ఇంట్లో మాత్రం 'చుక్కలు వేయడానికి అంత చదువెందుకు?' అంటున్నారు. ఐసీయూలో చేరితేనే విలువని క్లాస్‌మేట్స్ మాట. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ చుక్కల సంగతే చూద్దాం. గ్లాకోమాకు (సాధారణంగా కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) వాడే టిమొలాల్ చుక్క కన్నీటి నాళం గుండా ముక్కులోకి జారి రక్తంలో కలిస్తే గుండె వేగం తగ్గొచ్చు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరాడక పోవచ్చు. అందుకే చుక్క వేశాక ముక్కు పక్కనున్న కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచుతాం. డాక్టరు రాసిన మందే అయినా వేసే ముందు 'మీకు ఆయాసం ఉందా?' అని నర్సు మరోసారి అడగాలి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చెవి చుక్కలు చల్లగా ఉంటే రోగికి కళ్లు తిరుగుతాయి కాబట్టి సీసాను కాసేపు అరచేతుల్లో పట్టుకుని వేడి చేస్తాం. ఇవన్నీ మీరు నేర్చుకునే ఉంటారు. ఇంట్లోవాళ్లకు ఎందుకలా చేస్తామో చెప్పండి. వాళ్లకు కనిపించేది చుక్క ఒక్కటే, దాని వెనక ఉన్న ఆలోచన కాదు.

ఐసీయూతో పోల్చి చిన్నబుచ్చుకోవాల్సిన పనీ లేదు. కంట్లో యాసిడో సున్నమో పడి వచ్చిన మనిషికి చూపు పరీక్ష కూడా తర్వాతే, ముందు కడగాలి. కనీసం అరగంట, పీహెచ్ (కంట్లో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) మామూలు స్థాయికి వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. అక్కడ ఒక్క నిమిషం ఆలస్యమైనా నష్టమే. తలనొప్పి, వాంతులతో వచ్చిన పెద్దావిడను కడుపు సమస్యేనని కూర్చోబెడతారు. ఎర్రబడిన కన్నునూ, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయన్న మాటనూ పట్టించుకున్న నర్సు, అది గ్లాకోమా అటాక్ కావొచ్చని వెంటనే డాక్టరును పిలుస్తుంది. 'కంటికి ఒక పక్క తెర దిగినట్టుంది' అంటే రెటీనా (కంటి వెనక గోడకున్న పొర) ఊడుతోందేమోనని అనుమానించాలి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే జలుబని వదిలేయకూడదు, మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఐసీయూలో మానిటర్ మోగుతుంది. ఇక్కడ అలారం ఉండదు, మీ చెవులే వినాలి.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు వార్డులో నర్సుగా చేశాను. ఒకసారి కంటి ఆపరేషనై కట్టుతో పడుకున్న తాతగారి దిండు సర్దబోయాను. ఆయనకు రెండో కన్నూ సరిగా కనిపించదు. నేను వచ్చినట్టు చెప్పలేదు. తల మీద చెయ్యి పడగానే ఆయన ఉలిక్కిపడి ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. కుట్లు తెగలేదు కానీ ఆ రోజంతా నా చేతులు వణికాయి. ఆ తర్వాత ఎప్పుడూ పేరు చెప్పకుండా మంచం దగ్గరికి వెళ్లలేదు, 'వెళ్లొస్తాను తాతా' అనకుండా కదల్లేదు. లేకపోతే చూపు కనిపించనివాళ్లు ఖాళీ గదితో మాట్లాడుతూ ఉండిపోతారు. వినపడనివారి దగ్గర కిటికీకి వీపు పెట్టి నిలబడితే మన ముఖం చీకట్లో పడుతుంది, పెదవులు కనిపించవు. అరిచి చెబితే మాట ఇంకా వికృతంగా వినిపిస్తుంది. ఎదురుగా, వెలుతురులో, మామూలు గొంతుతో చెప్పాలి, అవసరమైతే రాసి చూపించాలి. ఈ ఓపిక మీకు సహజంగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. మిగతాది నేర్చుకోవచ్చు.

ఇక నా అభ్యంతరం ఒకటుంది. డిగ్రీ చేతికి రాగానే నేరుగా కంటి ఆసుపత్రిలో చేరవద్దు. అక్కడ చాలామంది రోగులు ఉదయం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. గుండె ఆగినవాళ్లను, బీపీ పడిపోయినవాళ్లను చూసే సందర్భాలు తక్కువ. మొదటి రెండేళ్లలో గట్టిపడాల్సిన నైపుణ్యాలు గట్టిపడవు. కంటి రోగుల్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లే ఎక్కువ, వాళ్లను ఒక కన్నుగా కాకుండా మొత్తం మనిషిగా చూడాలంటే జనరల్ వార్డు అనుభవం కావాలి. చెవి విషయంలోనూ అంతే. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు లాంటివి వినికిడిని దెబ్బతీయగలవు. 'చెవిలో హోరుమంటోందా?' అని అడగాల్సింది మెడికల్ వార్డులో, క్యాన్సర్ వార్డులో. మీ ఇష్టం అక్కడ కూడా పనికొస్తుంది.

ఆ తర్వాత దారులు చాలానే ఉన్నాయి: ఆపరేషన్ థియేటర్, గ్లాకోమా క్లినిక్, ఐ బ్యాంకు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) బృందం. బ్రిటన్‌లో శిక్షణ పొందిన నర్సులే కంటి లోపలికి ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఒకవేళ మీకు నచ్చింది కళ్లద్దాల పవర్ తేల్చడమో, వినికిడి పరీక్షలు చేయడమో అయితే ఆ పనులు ఆప్టోమెట్రీ, ఆడియాలజీ వాళ్లవి. ఆ చదువులు వేరు. ఈ తేడా ఇప్పుడే తేల్చుకోండి.

మిగిలిన వారంలో ఒక పని చేయండి. డిశ్చార్జ్ అవుతున్న ఒక పెద్దాయన్ని చుక్కలు తనంతట తానే వేసుకుని చూపించమనండి. చేయి వణుకుతుంది, సీసా మూతి రెప్పకు తగులుతుంది, చుక్క చెంప మీద పడుతుంది. విసుగు రాకుండా నాలుగోసారి కూడా మీరు నేర్పించగలిగితే, మీ అమ్మానాన్నలతో ధైర్యంగా మాట్లాడండి.