డేరాల డబ్బు, దొరల తిరుగుబాటు

ప్రశ్న: 1780లో హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు పొమ్మంటే, ఓడ ఎక్కేది లేదని మన విశాఖపట్నం సిపాయిలు తిరగబడ్డారని చదివాను. "సిపాయిలదేముంది, తెల్ల అధికార్లే తమ గవర్నరు మీద తిరగబడ్డారు, అదీ బందరులో" అంటున్నారు మా మామయ్యగారు. నిజమేనాండీ?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: నిజమేనమ్మా. 1809 నాటి మాట. అప్పటి మద్రాసు గవర్నరు సర్ జార్జ్ బార్లో. సివిలు ఉద్యోగంలో పైకొచ్చిన మనిషి, ముభావి.

దీన్ని పరువు కోసం జరిగిన గొడవ అంటారు గానీ, నాకు ముందు కనబడేది అలవెన్సు. ముప్పై ఒక్క ఏళ్లు ఇదే ఊళ్లో ఒక ఆఫీసులో టీఏ బిల్లులు చూసినవాణ్ణి, కళ్లు అటే పోతాయి.

అప్పట్లో సిపాయి పటాలానికి డేరాలు, వాటిని మోసే ఎద్దులు, మనుషులు, అన్నీ ఆ పటాలం తెల్ల అధికారే చూసుకోవాలి. అందుకు కంపెనీ నెలకింతని ఇచ్చేది. యుద్ధమున్నా అంతే, కంటోన్మెంటులో కాళ్లు చాపుకుని కూర్చున్నా అంతే. చిరిగిన డేరా కుట్టించకపోతే మిగిలింది జేబులోకే. సైన్యం బస, సామాను చూసే పెద్ద అధికారి, క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో ఆ సంగతే రిపోర్టులో రాశాడు. (రాయలసీమవాళ్లు దేవుడిలా తలుచుకునే థామస్ మన్రో కాదు. ఈయన తర్వాత తిరువాన్కూరు దివానయ్యాడు.) 1808లో బార్లో ఆ కాంట్రాక్టు ఎత్తేశాడు.

"అయితే మేం దొంగలమా?" అని లేచారు అధికార్లు. మా ఆఫీసులోనూ ఒక పెద్దమనిషి జీపు షెడ్డు దాటేది కాదు, డీజిలు బిల్లు మాత్రం నెలనెలా వచ్చేది. లాగ్ బుక్ చూపించమన్నాను. "నా నిజాయితీనే శంకిస్తావా?" అన్నాడు. రెండు వారాల్లో నన్ను స్టోర్సుకు మార్చారు. లాగ్ బుక్ నేను చూడనే లేదు.

సేనాధిపతి మెక్‌డొవల్‌ది వేరే కడుపుమంట. ముందువాళ్లకున్న గవర్నరు కౌన్సిల్ కుర్చీ ఆయనకు ఇవ్వలేదు. 1809 జనవరిలో ఆ రిపోర్టు మీదే మన్రోను అరెస్టు చేయించాడు. బార్లో విడిపించాడు. మెక్‌డొవల్ పోతూపోతూ మన్రోను దులిపేస్తూ ఒక ఆర్డరు పడేసి ఓడెక్కాడు. ఆ ఓడ దారిలోనే గల్లంతయింది, పాపం. బార్లో అక్కడితో ఊరుకోక, ఆ ఆర్డరును కిందికి పంపిన ఇద్దరు అధికార్లను సస్పెండు చేశాడు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. పైవాడు రాసిన దానికి కిందివాడి మెడ కోయడమేమిటి?

ఇక బందరు. అక్కడి చిత్తడి కోటలో తెల్లవాళ్ల పటాలం ఒకటుండేది. అందులో కొందరిని నౌకాదళం ఓడల మీదికి పంపేస్తారని పుకారు పుట్టింది. జూన్‌లో మేజర్ స్టోరీ, తోటి అధికార్లు కలిసి తమ కమాండరు కర్నల్ ఇన్నిస్‌నే నిర్బంధించారు. నచ్చజెప్పడానికి కంపెనీ సైన్యంలోనే పేరున్న అధికారి జాన్ మాల్కంను పంపితే ఆయన మాట కూడా పారలేదు. హైదరాబాదు, శ్రీరంగపట్నం దండ్లలోనూ అదే సెగ.

బార్లో రెండు పనులు చేశాడు. సర్కారు పక్షమని సంతకం పెట్టండి, లేదా పటాలం వదిలి తప్పుకోండి, జీతం మాత్రం ఆగదు అని అధికార్లకు కబురంపాడు. సిపాయిల్లోంచి పైకొచ్చిన మనవాళ్ల అధికార్లు, సుబేదార్లకు నేరుగా చెప్పించాడు: మీరు విధేయులై ఉండాల్సింది సర్కారుకు, మీ దొరలకు కాదు అని. సిపాయి వెనక లేకపోతే దొర ఒట్టి టోపీయే కదా! అక్కడ విరిగింది వాళ్ల నడుం.

ఆగస్టులో తిరగబడ్డ దొరల వెంట చిత్రదుర్గం నుంచి శ్రీరంగపట్నం పోతున్న సిపాయి పటాలాలను సర్కారు బలగం దారిలో కొట్టింది. అక్కడ చచ్చినవాళ్లలో ఎక్కువమంది సిపాయిలే, డేరాల డబ్బులో దమ్మిడీ వాటా లేనివాళ్లు.

తర్వాత గవర్నర్ జనరల్ మింటో కలకత్తా నుంచి దిగి, కొద్దిమందిని తప్ప అందరినీ క్షమించేశాడు. స్టోరీకి కొలువు పోయింది. ఒక్క అధికారినీ ఉరితీయలేదు. అంతకు మూడేళ్ల ముందు, 1806లో, తలపాగా మార్చమన్నందుకు వేలూరులో తిరగబడ్డ సిపాయిల్లో కొందరిని ఫిరంగులకు కట్టి పేల్చేశారు.

ఈసారి బందరు వెళ్తే కోటవైపు కూడా పోయి రమ్మనండి మామయ్యగారిని. పాత గోడలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి.