రెండు లైనక్సులకు ఒకటే మెనూ

చిరంజీవి మేనల్లుడికి,

ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, కంప్యూటర్ డిస్కులో రెండు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు హాయిగా ఇముడుతాయి. పేచీ అంతా, ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే బూట్ మెనూ దగ్గరే. మింట్ అనే లైనక్స్ పక్కన డెబియన్ అనే ఇంకో లైనక్స్ పెడతానన్నావు కదా, ముందు ఆ మెనూ పెత్తనం ఎవరిదో తేల్చుకో. నా మాట వింటే డెబియన్‌కే ఇవ్వు. మింట్‌ను నువ్వు ఏడాదికి రెండుసార్లు చెరిపేస్తావు, నాకు తెలియదా!

బూట్ ఫైళ్లు ఉండే డిస్కు భాగం, అంటే ఈఎఫ్‌ఐ పార్టిషన్, రెండింటికీ ఒకటే చాలు. ఇన్‌స్టాలర్ దాన్ని ఫార్మాట్ చేస్తానంటే ఒప్పుకోకు. అందులో మింట్ ఫోల్డర్ పేరు ఉబుంటు అని ఉంటుంది, ఎవరిదో అనుకుని తుడిచేయకు.

స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) దగ్గర మరీ జాగ్రత్త. డెబియన్ ఇన్‌స్టాలర్ పాత స్వాప్‌ను కూడా మళ్లీ ఫార్మాట్ చేస్తుంది, దాంతో దాన్ని గుర్తుపట్టే నంబరు, అదే యూయూఐడీ, మారిపోతుంది. నాకు అలాగే అయింది. పాత సిస్టమ్ బూట్ అవుతూ ఆగిపోయి, తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ, పక్కన ఒకటిన్నర నిమిషం లెక్కపెడుతూ కూర్చునేది. డిస్కు పోయిందనుకుని కొత్తదాని ధర కూడా అడిగి వచ్చాను. తీరా చూస్తే, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు వాడాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో పాత నంబరు!

మెనూలో మింట్ కనిపించకపోతే భయపడకు. 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి, ఆ మెనూను చూపించే గ్రబ్ ప్రోగ్రామ్ పక్క సిస్టమ్‌లను తనంతట తాను వెతకడం మానేసింది. వాటిని వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్‌ను మళ్లీ ఆన్ చేయవచ్చు గానీ నాకు ఆ పద్ధతి నచ్చదు. అది ఆ రోజు కనిపించిన కెర్నల్‌ను (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాసుకుంటుంది. మింట్ కెర్నల్ మారినప్పుడల్లా డెబియన్‌లోకి వచ్చి, మెనూను తిరగరాసే అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడపాలి. మరిచిపోతే, పాత కెర్నల్ తీసేసిన రోజున మింట్ లేవదు.

దానికి బదులు డెబియన్‌లో, సొంత ఎంట్రీలు రాసుకోవడానికి ఉండే 40_కస్టమ్ ఫైలు చివర నువ్వే ఒక మెనూ ఎంట్రీ రాసుకో. మింట్ రూట్ పార్టిషన్‌ను యూయూఐడీతో సెర్చ్ చేయమని ఒక వరుస, అక్కడి మెనూ ఫైలు గ్రబ్.సీఎఫ్‌జీని కాన్ఫిగ్‌ఫైల్ కమాండ్‌తో తెరవమని ఇంకో వరుస. అప్‌డేట్-గ్రబ్ ఒక్కసారి నడిపితే చాలు. ఆపైన మింట్ ఎన్ని కెర్నల్‌లు మార్చుకున్నా ఆ ఎంట్రీ నొక్కితే దాని తాజా మెనూయే తెరుచుకుంటుంది. మింట్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించిన రోజున మాత్రం యూయూఐడీ మార్చి రాయి.

మింట్‌లో గ్రబ్ అప్‌డేట్ అయ్యాక అదే ముందుకొచ్చి కూర్చుంటే, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో బూట్ వరుస సరిచేయి. నేరుగా దాన్నుంచే లైనక్స్ నడిచే లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసుకున్నాకే మొదలుపెట్టు. ఆదివారమంతా నేను ఇంట్లోనే ఉంటాను, ఎక్కడైనా ఆగిపోతే ఫోను చేయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య