రాతిలోని చమురు, చీలేటు మందు: శ్రావణికి కొన్ని సూచనలు

కావలి

చిరంజీవి శ్రావణిని ఆశీర్వదించి పెదనాన్న వ్రాయునది.

చీలేటింగ్ రసాయనాలతో శిలలో మిగిలిపోయిన చమురును రాబట్టే అంశాన్ని నీ ఎం.టెక్ ప్రాజెక్టుకు ఎంచుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. ఉద్యోగ జీవితమంతా చమురు బావుల రసాయనాలతోనే గడిపినవాణ్ణి కనుక, నీవు పని మొదలుపెట్టేలోగా కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ఈ మందులు మన జిల్లాకు కొత్తవి కావు. వరిలో జింకు లోపానికి పిచికారీ చేసే చీలేటెడ్ జింకు, రొయ్య పిల్లల హేచరీల్లో నీటిలోని భార లోహాలను అదుపు చేయడానికి వాడే ఈడీటీఏ ఈ కోవకు చెందినవే. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటి లోహాల అయాన్లను గట్టిగా పట్టుకొని నీటిలోనే నిలిపి ఉంచడం వీటి పని. రాతిలో ఆ ఒక్క పట్టు వల్లనే అనేక మార్పులు కలుగుతాయి. సున్నపురాయి కొంత కరిగి రంధ్రాల మధ్య దారులు వెడల్పవుతాయి. ముడిచమురులోని ఆమ్లాలను రాతి గోడకు అంటించి ఉంచే కాల్షియం తొలగిపోవడంతో, అంతవరకూ చమురును పట్టుకొని ఉన్న రాయి నీటితో తడవడం మొదలుపెడుతుంది. ద్రావణం క్షారగుణంతో ఉంటే ఆ ఆమ్లాలు సబ్బుగా మారి, చమురుకు నీటికి మధ్య తలతన్యత తగ్గుతుంది.

నీవు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసినది ఇక్కడే. చమురు అదనంగా వచ్చిందని చూపడం కష్టం కాదు. ఈ మూడింటిలో దేనివల్ల వచ్చిందో చూపడమే అసలు పని. అందుకని చీలేటు లేకుండా, అదే పీహెచ్, అంతే లవణీయత గల ద్రావణాన్ని అదే రకం కోర్‌లోకి, అంటే పరీక్షకు కోసి తీసిన రాతి ముక్కలోకి, పంపి పోల్చు. ఆ పోలిక ద్రావణాన్ని మాత్రం సముద్రపు నీటితో చేయకు. కాస్టిక్ సోడా కలిపి పీహెచ్ పెంచితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లగా విరిగి రంధ్రాలను పూడ్చేస్తుంది. సోడియం క్లోరైడుతో చేసిన ఉప్పునీరు చాలు.

ఇంకొక లెక్క ముందే వేసుకో. ఒక ఈడీటీఏ అణువు ఒకే కాల్షియం అయానును పట్టగలదు కాబట్టి, 372 గ్రాముల డైసోడియం ఈడీటీఏ ఎంత శ్రమపడినా సుమారు 100 గ్రాముల సున్నపురాయినే కరిగించగలదు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి; వాటన్నిటినీ పట్టడానికే లీటరుకు సుమారు 24 గ్రాముల మందు కావాలి. ముంబై హై వంటి సున్నపురాతి క్షేత్రంలో బావి పక్కనున్న రాయే మందును తినేస్తుంటే, దూరాన ఉన్న చమురు దాకా చేరేది ఎంత అన్న ప్రశ్నకు నీ నివేదికలో జవాబు ఉండాలి. మందు కలపడానికి మైపాడు తీరం నుంచి సముద్రపు నీరు తెచ్చుకుంటే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో తేవద్దు, పెన్న నీరు కలిసి ఉప్పదనం పలచబడుతుంది.

మందు కలిపేటప్పుడు తొందరపడకు. డైసోడియం ఈడీటీఏ పొడి ఎక్కువ మోతాదులో వేస్తే చల్లని నీటిలో తెల్లగా అడుగున కూర్చుంటుంది. కలియబెడుతూ కాస్టిక్ సోడా ద్రావణం చుక్కచుక్కగా వేస్తే, పీహెచ్ 8 దగ్గరపడేసరికి నీరు తేటపడుతుంది. ఆమ్ల ద్రావణం కావాలంటే ఈడీటీఏ పనికిరాదు, అందులో అది సరిగా కరగదు. అప్పుడు జీఎల్‌డీఏ అనే మరో చీలేటు తీసుకో. అది గ్లుటామిక్ ఆమ్లం నుంచి తయారవుతుంది, వాడిన తర్వాత సూక్ష్మజీవులు దానిని సులువుగా విచ్ఛిన్నం చేస్తాయి. ఈడీటీఏ అలా త్వరగా పోదు. చెరువులు, కాలువల మీద బతికే జిల్లాలో పుట్టినదానివి, బావి నుంచి తిరిగి వచ్చే నీరు ఎక్కడికి పోతుందన్నది నీకు చిన్న విషయం కాకూడదు.

కోర్ నుంచి బయటికి వచ్చే నీటిలో కాల్షియాన్ని కాలేజీలో నేర్చిన ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలవకు. ఆ నీటిలో చీలేటు మిగిలి ఉంటే సూచిక వేసీ వేయగానే నీలంగా మారుతుంది, రాయి ఏమీ కరగలేదనే భ్రమ కలుగుతుంది. లోహాలు ఎంతెంత ఉన్నాయో కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో కాల్షియంతోపాటు ఇనుమూ చూపించు. ఇసుకరాయి కోర్ అయితే ఇనుము అంకె మరీ ముఖ్యం. ప్రయోగానికి ముందు కోర్‌ను వేడిలో ముడిచమురుతో కొన్ని వారాలు నానబెట్టడం మరువకు. కడిగిన రాయి నీటితో సహజంగానే తడుస్తుంది కాబట్టి, తడి స్వభావం మార్చానని చెప్పుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

కోర్ తాలూకు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఫలితాలు రాగానే నాకు పంపు. ఏ ఖనిజం ఎంత ఉందో చూసిన తర్వాతే మందు, మోతాదు నిర్ణయిద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న